సరీసృపాల ఆహార కీటకాల పోషణ: కృష్ణా డెల్టా పరిస్థితుల్లో ఒక శాస్త్రీయ వివరణ

వ్యాససంగ్రహం:

పెంపుడు సరీసృపాలకు సజీవాహారంగా ఇచ్చే కీటకాలను బ్రతికించుకోవడం ఒక ఎత్తు, వాటిని ఆరోగ్యంగా, పోషకవంతంగా ఉంచడం మరొక ఎత్తు. ఆకలితో ఉన్న కీటకం బల్లికి కడుపు నింపుతుంది గాని ఎముకకు బలమివ్వదు. కీటక దేహంలోని కాల్షియం, భాస్వరాల నిష్పత్తి ఏమిటి, దానిని ఎలా సరిచేయవచ్చు, కృష్ణా డెల్టాలో దొరికే తవుడు, చెక్క, ఆకుకూరలు అందుకు ఎంతవరకు పనికివస్తాయి, విజయవాడ ఎండలు, వానలు, వరదలు కీటకాల గూళ్ళపై ఎలాంటి ప్రభావం చూపుతాయి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగునేలపై ఇదివరకే స్థిరపడిన పట్టుపురుగుల పెంపకం, మిత్రకీటకాల ఉత్పత్తి నుండి గ్రహించదగిన పాఠాలను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆహార కీటకాలు, ఇలకోడి, మీల్‌వార్మ్, కాల్షియం–భాస్వరం నిష్పత్తి, అవిసె ఆకు, అస్థివ్యాధి, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం:

కుక్కకు అన్నం పెట్టినట్లు బల్లికి అన్నం పెట్టలేం. కీటకాహార సరీసృపాలలో చాలావాటికి కదిలే ఎర కనిపిస్తేనే ఆకలి మేల్కొంటుంది. అందువల్ల అటువంటి జీవిని పెంచేవారు నిజానికి రెండు జీవులను పెంచవలసి వస్తుంది. ఒకటి కంటికి కనిపించే పెంపుడు జంతువు. రెండవది డబ్బాలో, బుట్టలో, గది మూలన ఉండే కీటకాల మంద. మొదటి దానిపై చూపే శ్రద్ధలో నాలుగోవంతు కూడా రెండవదానిపై చూపకపోవడం సర్వసాధారణం. ఇలకోళ్ళు కొనితెచ్చి, డబ్బాలో రెండు రోజులు మేతలేకుండా ఉంచి, మూడోరోజు బల్లికి వేస్తే అది వాటిని తింటుంది. తిన్నట్లే కనిపిస్తుంది. కాని కొన్ని నెలలకు దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకర తిరుగుతాయి, వెన్ను వంగుతుంది. పశువైద్యులు దీనిని జీవక్రియాజన్య అస్థివ్యాధి అంటారు. ఈ వ్యాధికి మూలం తరచుగా సరీసృపంలో కాక, దాని నోటికి అందిన కీటకం కడుపులో ఉంటుంది.

ఈ విషయంపై లభించే సమాచారంలో అధికభాగం శీతలదేశాల అనుభవం నుండి పుట్టినది. అక్కడి సమస్య గదిని వెచ్చబరచడం. మే నెలలో 45 డిగ్రీల సెల్సియస్ దాటే సందర్భాలున్న విజయవాడలో సమస్య దానికి పూర్తిగా విరుద్ధం. అక్కడ గోధుమపొట్టు, ఓట్లు సులభంగా దొరుకుతాయి. ఇక్కడ దొరికేది వరి తవుడు. కాబట్టి సూత్రాలను గ్రహించి, పద్ధతులను స్థానికంగా నిర్మించుకోవడం అవసరం.

2. పేర్లు – జాతులు:

తెలుగులో కీటకాల పేర్లు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. ఈ విషయంలో స్పష్టత లేకపోతే పెంపకంలోనే పొరపాటు జరుగుతుంది. రాత్రివేళ నేలపై, గోడవారన కూసే కీటకం ఇలకోడి. కీచురాయి అనే మాటను కొందరు దీనికే వాడితే, మరికొందరు చెట్లపై అరిచే సికాడాకు వాడతారు. ఆహార కీటకంగా పనికివచ్చేది ఇలకోడి. ఇందులో ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా పెంచబడేది అకేటా డొమెస్టికస్ అనే గోధుమరంగు జాతి. నల్లగా, రెక్కల మొదట రెండు పసుపు మచ్చలతో ఉండే గ్రిల్లస్ బైమాక్యులేటస్ మన దేశంలో సహజంగా నివసించే జాతి.

పిండిపురుగు అనే మాట కూడా ఇటువంటిదే. ఇంట్లో పిండి డబ్బాలో కనిపించే చిన్న ఎర్ర పెంకుపురుగు ట్రైబోలియం. సరీసృపాలకు మేతగా వాడే మీల్‌వార్మ్ టెనెబ్రియో మోలిటర్ అనే పెద్ద పెంకుపురుగు యొక్క లార్వా. దీనికంటే పెద్దదైన సూపర్‌వార్మ్ జోఫోబాస్ మోరియో. కోళ్ళఫారాల ఎరువులో గుంపులుగా కనిపించే ఆల్ఫిటోబియస్ లార్వాలు చూడటానికి చిన్న మీల్‌వార్ముల వలె ఉంటాయి. అయితే అవి కోళ్ళ వ్యాధికారక క్రిములను మోసుకొని తిరుగుతాయి. డెల్టా పరిసరాల్లో కోళ్ళఫారాలు విస్తారంగా ఉన్నందున, అక్కడినుండి వీటిని ఏరి తెచ్చి మేతగా వాడటం ప్రమాదకరం.

వీటితో పాటు డూబియా బొద్దింకలు, పట్టుపురుగులు, బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలు కూడా ఆహార కీటకాలలో ముఖ్యమైనవి. ఈ వ్యాసంలో ఇలకోడికి, మీల్‌వార్మ్‌కు ప్రాధాన్యం ఇవ్వబడింది.

3. చట్టపరమైన పరిధి:

మేత గురించి చర్చించేముందు, మేసే జంతువు ఏదన్న ప్రశ్న తప్పదు. డెల్టా గట్లపై తిరిగే ఉడుము, పొదల్లో కనిపించే ఊసరవెల్లి, మెట్టప్రాంతాల నక్షత్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణలో ఉన్నవి. వాటిని పట్టడం, పెంచడం నేరం. ఈ చట్టానికి 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ సైటీస్ ఒప్పందంలో చేర్చబడిన విదేశీ జాతులు దీని ద్వారా నాలుగవ షెడ్యూల్‌లోకి వచ్చాయి. వాటి యజమానులు పరివేష్ పోర్టల్ ద్వారా వివరాలు నమోదు చేసుకోవాలని 2024లో నియమాలు వెలువడ్డాయి. ఈ వ్యాసంలోని విషయం చట్టబద్ధంగా పెంచబడే కీటకాహార సరీసృపాలకు, రక్షిత జంతువులను చికిత్స నిమిత్తం ఉంచే జంతుప్రదర్శనశాలలకు, పునరావాస కేంద్రాలకు వర్తిస్తుంది.

సరీసృపాలన్నీ కీటకాహారులు కావు. ఇగ్వానా, నక్షత్ర తాబేలు శాకాహారులు. వాటికి బలం కోసమని కీటకాలు తినిపించడం మేలు చేయకపోగా మూత్రపిండాలకు భారమవుతుంది.

కీటకాల విషయంలోనూ నియంత్రణ ఉంది. విదేశీ కీటకాలను దేశంలోకి తేవడం మొక్కల దిగ్బంధన నియమాల పరిధిలోనిది. బియ్యపు మిల్లులు, ధాన్యపు గోదాములు నిండిన ప్రాంతంలో, ధాన్యం తిని బ్రతకగల పెంకుపురుగు తప్పించుకోవడం చిన్న విషయం కాదు. చనిపోయిన మందను, మిగిలిన తవుడును ఆరుబయట పారబోయకుండా, వేడినీటిలో ముంచి ఆ తరువాతే పారవేయడం కనీస బాధ్యత.

4. కాల్షియం – భాస్వరం లెక్క:

4.1. లోపం ఎక్కడ ఉంది?

వెన్నెముక గల జంతువుకు ఎముక ఉంది. కీటకానికి ఎముక లేదు. దాని పైపొర ప్రధానంగా కైటిన్, ప్రోటీన్లతో నిర్మితమైనది. అందులో కాల్షియం అత్యల్పం. అడవిలోని బల్లి రకరకాల కీటకాలను, వాటి కడుపులోని ఆకులతో సహా తిని, ఎండలో కూర్చొని ఈ కొరతను పూడ్చుకుంటుంది. పెంపుడు బల్లికి అందేది ఒకటి రెండు రకాల కీటకాలే.

మార్క్ ఫింకే 2002లో 'జూ బయాలజీ' పత్రికలో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం, కిలో పెద్ద ఇలకోళ్ళలో కాల్షియం 407 మిల్లీగ్రాములు, భాస్వరం 2950 మిల్లీగ్రాములు. అంటే నిష్పత్తి దాదాపు 1:7. మీల్‌వార్మ్‌లో కాల్షియం 169, భాస్వరం 2850 మిల్లీగ్రాములు. నిష్పత్తి దాదాపు 1:17. సరీసృపానికి అవసరమైనది కనీసం 1:1, వీలైతే 2:1. భాస్వరం అధికమై కాల్షియం తగ్గినప్పుడు పారాథైరాయిడ్ గ్రంథి ప్రేరేపితమై, రక్తంలోని కాల్షియం స్థాయిని నిలబెట్టడానికి ఎముకలోని నిల్వను కరిగిస్తుంది. రక్తపరీక్షలో కొంతకాలం అంతా సవ్యంగానే కనిపించవచ్చు. ఎముక మాత్రం లోపల ఖాళీ అవుతూ ఉంటుంది.

ఈ నియమానికి బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వా చెప్పుకోదగిన మినహాయింపు. దాని చర్మంలో కాల్షియం కార్బొనేట్ నిక్షిప్తమవుతుంది. అందువల్ల దానిలో భాస్వరం కంటే కాల్షియం సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ.

4.2. కడుపు నింపి ఇచ్చే పద్ధతి:

కీటకం తిన్న కాల్షియం దాని దేహంలో చేరదు. పేగులోనే ఉండి బయటికి పోతుంది. కాబట్టి పేగు నిండివున్న సమయంలో కీటకాన్ని తినిపించడమే మార్గం. మేరీ ఆలెన్, ఒలావ్ ఓఫ్‌టెడాల్ 1989లో ప్రచురించిన పరిశోధనలో ఇలకోళ్ళకు వేర్వేరు శాతాల కాల్షియం గల మేతలను ఇచ్చి పరిశీలించారు. 8 శాతం కాల్షియం ఉన్న మేతను సుమారు రెండురోజులు తినిపించడం అప్పటినుండి ప్రమాణంగా నిలిచింది. ఈ అంకె ఎందుకంత పెద్దదో ఒక ఊహాత్మక లెక్కతో గ్రహించవచ్చు.

కిలో ఇలకోళ్ళను తీసుకుందాం. వాటిలో 0.41 గ్రాముల కాల్షియం, 2.95 గ్రాముల భాస్వరం ఉన్నాయి. రెండూ సమానం కావాలంటే మరో రెండున్నర గ్రాముల కాల్షియం కావాలి. వాటి పేగుల్లో దేహభారంలో పదోవంతు, అంటే 100 గ్రాముల మేత పట్టిందని అనుకుంటే, అందులో మూడోవంతు పొడిపదార్థం, అంటే సుమారు 33 గ్రాములు. ఆ 33 గ్రాములలో 8 శాతం కాల్షియం ఉంటే 2.6 గ్రాములు అందుతాయి. పొడిమేతలోని భాస్వరాన్ని కలుపుకున్నా నిష్పత్తి 1:1కి చేరువవుతుంది. అదే మేతలో కాల్షియం ఒక శాతమే ఉంటే అదనంగా చేరేది గ్రాములో మూడోవంతు మాత్రమే. అంటే కోళ్ళదాణా వంటి సాధారణ మేతలు ఇలకోళ్ళను బ్రతికిస్తాయి గాని, వాటిని తిన్న బల్లి ఎముకను నిలబెట్టవు.

8 శాతం కాల్షియం రావాలంటే మేతలో ఎంత కాల్షియం కార్బొనేట్ కలపాలి? ఆ లవణంలో కాల్షియం 40 శాతం. కాబట్టి కిలో మేతలో 200 గ్రాములు కార్బొనేట్ ఉండాలి. శుభ్రపరచి, వేడిచేసి, మెత్తగా దంచి జల్లెడపట్టిన కోడిగుడ్డు పెంకుల పొడి ఇందుకు సరిపోతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తాంబూలపు సున్నం, చేపల చెరువుల్లో చల్లే కాల్చిన సున్నం కార్బొనేట్ కావు. అవి క్షారగుణం గల పదార్థాలు. కీటకం నోటిని, బల్లి గొంతును కాలుస్తాయి. డెల్టా ఊళ్ళలో అవి సులభంగా దొరుకుతాయి గనుక పేరులోని 'సున్నం' అనే మాట చూసి వాడకూడదు.

ఇంత కాల్షియం గల మేతపై ఇలకోళ్ళు దీర్ఘకాలం బ్రతకవు. కనుక ఇది మందను పెంచే మేత కాదు, తినిపించే ముందు 24 నుండి 48 గంటలు ఇచ్చే మేత మాత్రమే. ఆ వ్యవధి ముగిసిన తరువాత జాప్యం పనికిరాదు. కీటకాలు శీతలరక్త జీవులు. 32 డిగ్రీల గదిలో వాటి పేగు వేగంగా ఖాళీ అవుతుంది. మేత తీసివేసి మరుసటిరోజు ఉదయం తినిపిస్తే చేసిన శ్రమంతా వృథా.

4.3. పొడి అద్దడం, ఎండ:

కీటకాలను కాల్షియం పొడిలో దొర్లించి ఇవ్వడం మరొక పద్ధతి. ఇలకోడి తనను తాను శుభ్రపరచుకునే జీవి. కాసేపటికే పొడిలో చాలాభాగాన్ని దులిపేస్తుంది. బల్లి వెంటనే తినేటన్ని మాత్రమే పొడి అద్ది వేయాలి. రెండు పద్ధతులను కలిపి పాటించడం ఉత్తమం.

పేగునుండి కాల్షియం రక్తంలోకి చేరడానికి విటమిన్ డి3 కావాలి. 290 నుండి 315 నానోమీటర్ల మధ్యనున్న అతినీలలోహిత కిరణాలు చర్మంపై పడితే అది దేహంలోనే తయారవుతుంది. విజయవాడలో ఎండకు కొదవలేదు. అయితే కిటికీ అద్దం ఈ కిరణాలను ఆపేస్తుంది. అద్దపు తొట్టెను ఎండలో పెడితే కిరణాలు రావు సరికదా, లోపలి వేడికి జంతువు నిమిషాల్లో చనిపోగలదు. ఉదయపు ఎండలో, సగం నీడ ఉన్న జాలీ బోనులో ఉంచడమే సరైనది. డి3 కలిపిన పొడులను మితిమీరి వాడితే కాల్షియం మెత్తని అవయవాలలో పేరుకొని హాని చేస్తుంది.

5. డెల్టా మేత పదార్థాల గుణదోషాలు:

5.1. తవుడు:

1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ కృష్ణా డెల్టాను వరిసీమగా నిలబెట్టాయి. బియ్యపు మిల్లులనుండి వచ్చే తవుడు ఇక్కడ పాడిపశువులకు, కొల్లేరు పరిసరాల చేపల చెరువులకు ప్రధాన మేత. కీటకాల పెంపకందారు చేయి కూడా సహజంగా దానివైపే పోతుంది. తవుడులో ప్రోటీను, కొవ్వు, బి విటమిన్లు సమృద్ధిగా ఉన్నాయి. కాని రెండు దోషాలు ఉన్నాయి. మొదటిది, అందులో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకు మించి ఉంటుంది. అసలే భాస్వరం అధికంగా ఉన్న కీటకం కడుపులో మరింత భాస్వరం నింపినట్లవుతుంది. రెండవది, ధాన్యం మర పట్టిన క్షణం నుండి తవుడులోని లైపేజ్ ఎంజైము కొవ్వును విచ్ఛిన్నం చేయడం మొదలుపెడుతుంది. అందుకే పచ్చి తవుడు కొద్దిరోజుల్లోనే ముక్కవాసన కొడుతుంది. తెచ్చిన వెంటనే సన్నని మంటపై వేయిస్తే ఎంజైము నశించి, తవుడు నిల్వ ఉంటుంది. దానిలో ఉన్న ధాన్యపు పురుగుల గుడ్లు కూడా చస్తాయి. మీల్‌వార్ములకు తవుడు నివాసంగాను, మేతగాను పనికివస్తుంది. సరీసృపానికి ఇచ్చే ముందు మాత్రం వాటిని కాల్షియం మేతపైకి మార్చాలి.

5.2. చెక్కలు:

ప్రోటీను కోసం వేరుశనగచెక్క వాడటం రివాజు. తేమ తగిలిన వేరుశనగలో ఆస్పర్‌జిల్లస్ బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. సెప్టెంబర్ నుండి నవంబర్ వరకు, గాలిలో తేమ నిలిచి ఉండే కాలంలో పాతచెక్కను వాడకపోవడం మంచిది. పొట్టుతీసిన మినప, శనగపిండి కొద్దిగా కలపడం మెరుగైన ప్రత్యామ్నాయం.

5.3. ఆకులు:

ఈ విషయంలో డెల్టాకు నిజమైన సంపద ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పూర్వపు ఆహార పట్టికల ప్రకారం, 100 గ్రాముల అవిసె ఆకులో 1130 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా భాస్వరం 80 మిల్లీగ్రాములే. కరివేపాకులో కాల్షియం 830, మునగాకులో 440 మిల్లీగ్రాములు. గింజలకు, చెక్కలకు, తవుడుకు లేని గుణం ఇది. ఈ ఆకులలో కాల్షియం భాస్వరాన్ని మించి ఉంది.

అయితే ఆకుతోనే లోటు పూడుతుందా? పై లెక్కనే మళ్ళీ వేద్దాం. కిలో ఇలకోళ్ళ పేగుల్లో 100 గ్రాముల పచ్చి అవిసె ఆకు పట్టిందనుకుంటే చేరే కాల్షియం 1.13 గ్రాములు. మొత్తం 1.54 గ్రాములు. భాస్వరం 3 గ్రాములకు పైగా. నిష్పత్తి 1:7 నుండి 1:2కి వచ్చింది. ఇది గొప్ప మెరుగుదల, కాని సరిపోదు. ఆకులో అధికభాగం నీరు కావడమే ఇందుకు కారణం. అదే ఆకును నీడలో ఎండబెట్టి, పొడిచేసి, గుడ్డుపెంకు పొడితో కలిపిన మేతలో చేర్చితే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి. పచ్చి ఆకు నీటికి, పొడిమేత కాల్షియానికి ఆధారమవుతాయి. ఆకుపచ్చని, నారింజరంగు కూరలలోని కెరోటిన్లు అదనపు లాభం.

అన్ని ఆకుకూరలూ ఒకటి కావు. తోటకూర, పాలకూర, గోంగూరలలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి పేగులో కాల్షియాన్ని బంధించి ఒంటపట్టనీయవు. పట్టికలో కాల్షియం అంకె చూసి తోటకూరను ఎంచుకుంటే ఫలితం నిరాశే. ఇక మార్కెట్టులో కొన్న ఆకులపై పురుగుమందు అవశేషాల భయం ఉంటుంది. కీటకాన్ని చంపడానికి తయారైన మందు కొద్దిపాటి మోతాదులోనైనా మందను తుడిచిపెడుతుంది. పెరట్లో ఒక అవిసె చెట్టు, ఒక మునగచెట్టు ఉంటే ఈ సమస్య తీరిపోతుంది.

6. ఋతువులు – గూటి నిర్వహణ:

6.1. వేసవి:

ఇలకోళ్ళకు 30 డిగ్రీల పరిసరాల్లో ఉష్ణోగ్రత అత్యంత అనుకూలం. ఆ వేడిలో గుడ్లు పది, పన్నెండు రోజుల్లో పొదిగి, పిల్లలు ఆరు నుండి ఎనిమిది వారాల్లో పెద్దవవుతాయి. సంవత్సరంలో అనేక నెలలు విజయవాడలోని సాధారణ గదిలోనే ఈ వేడి ఉంటుంది గనుక హీటరు అవసరం లేదు. ఏప్రిల్ చివరినుండి జూన్ మొదటివారాల వరకు మాత్రం సమస్య తలకిందులవుతుంది. పడమటి గాడ్పులు వీచే మధ్యాహ్నాల్లో గాలి వేడిగాను పొడిగాను ఉంటుంది. అప్పుడు తడి గోనెపట్టా కప్పడం, తడి ఇసుకలో కుండను పాతి అందులో గూడు పెట్టడం బాగా పనిచేస్తాయి. నీరు ఆవిరి కావడానికి పొడిగాలి తోడ్పడుతుంది. మచిలీపట్నం, అవనిగడ్డ వంటి తీరప్రాంతాల్లో, తేమగాలి వీచే వేళల్లో ఈ ఉపాయం అంతగా ఫలించదు. అక్కడ గాలి ఆడే జాలీమూత, మందను పలుచన చేయడం ముఖ్యం.

మీల్‌వార్మ్ సమశీతల ప్రాంతపు జీవి. 25 నుండి 28 డిగ్రీలు దానికి హితం. 30 దాటితే ఎదుగుదల మందగించి, మరణాలు పెరుగుతాయి. పెద్దలార్వాలను ఫ్రిజ్‌లో సుమారు 10 డిగ్రీల వద్ద ఉంచితే అవి ఎదగకుండా వారాల తరబడి నిలుస్తాయి. వారానికొకసారి బయటికి తీసి ఒకరోజు మేపాలి. సూపర్‌వార్మ్ ఉష్ణమండల జీవి. దానిని ఫ్రిజ్‌లో పెడితే చనిపోతుంది. మన వేసవిని అది మీల్‌వార్మ్ కంటే బాగా తట్టుకుంటుంది. గుంపులో ఉన్నంతకాలం సూపర్‌వార్మ్ లార్వా ప్యూపాగా మారదు. సంతానం కావాలంటే ఒక్కొక్కదానిని చిన్న డబ్బాలో వేరుచేయాలి.

6.2. వానాకాలం:

వేసవిలో వేడి చంపితే, వానాకాలంలో తేమ చంపుతుంది. తడిసిన తవుడులో బూజు, ఆ తరువాత సన్నని తెల్లని ధూళిలా కదిలే నల్లులు వ్యాపిస్తాయి. మేత తేమ పెరగకుండా పలుచగా పరచడం, కూరముక్కలను పూటకొకసారి మార్చడం, గూటి అడుగు పొడిగా ఉంచడం తప్పనిసరి. నీటిగిన్నెలో ఇలకోళ్ళు, ముఖ్యంగా పిల్లలు, మునిగి చస్తాయి. తడిపిన నూలుగుడ్డ, సొరకాయ ముక్క లేదా కొబ్బరిపీచు తగినంత నీరు ఇస్తాయి. గుంపు ఎక్కువై రెట్ట పేరుకుంటే అమ్మోనియా వాయువు చేరుతుంది. మూత తీయగానే ఘాటు తగిలితే శుభ్రపరచడం ఇప్పటికే ఆలస్యమైందని అర్థం. కోడిగుడ్ల అట్టలను నిలువుగా పేర్చితే రెట్ట కిందికి జారి, కీటకాలకు చోటు పెరుగుతుంది.

2024 సెప్టెంబర్ మొదటిరోజుల్లో బుడమేరు వరద విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్ వంటి ప్రాంతాలను రోజుల తరబడి నీటిలో ఉంచింది. విద్యుత్తు, రాకపోకలు నిలిచిపోయాయి. ఇటువంటి నగరంలో ఒకే గదిలో, నేలపై, ఒకే మందను ఉంచడం వివేకం కాదు. మందను రెండు భాగాలుగా చేసి వేర్వేరు చోట్ల, ఎత్తైన అరలపై ఉంచాలి. విద్యుత్తు లేకపోయినా కొన్నిరోజులు నిలవగల బొద్దింక, సూపర్‌వార్మ్ వంటి జాతిని తోడుగా పెంచడం ముందుచూపు.

6.3. దోమల మందులు:

నగర గృహాలలో ఆహార కీటకాలకు పెద్ద శత్రువు దోమల నివారణ సాధనం. దోమలబత్తి, విద్యుత్ ద్రావకాలలో ఉండే పైరిథ్రాయిడ్లు దోమకు, ఇలకోడికి భేదం చూపవు. వీధిలో పొగమందు కొట్టే సాయంత్రాల్లో గది కిటికీలు మూయాలి. చీమలనుండి రక్షణకు కూడా మందు చల్లరాదు. బల్ల కాళ్ళను నీటిగిన్నెలలో ఉంచే పాతపద్ధతే సురక్షితం.

7. పొలంనుండి పట్టిన కీటకాలు:

వరిచేల గట్లపై మిడతలు, తొలకరి వానకు దీపాల చుట్టూ ముసిరే ఉసుళ్ళు ఖర్చులేని మేతగా కనిపిస్తాయి. వైవిధ్యం మంచిదే. కాని డెల్టా వరిసాగులో సుడిదోమ, కాండం తొలుచు పురుగుల నివారణకు మందుల వాడకం విస్తృతం. మందు తగిలి మందగించిన మిడతే సులభంగా చేతికి చిక్కుతుంది. పట్టేవారికి తెలియకుండానే విషం సోకిన కీటకాల ఎంపిక జరుగుతుందన్నమాట.

సహజంగానే విషపూరితమైన కీటకాలు కూడా ఉన్నాయి. జిల్లేడు చెట్టుపై కనిపించే రంగురంగుల మిడత పొయెకిలోసెరస్ పిక్టస్ ఆ చెట్టు పాలలోని గుండెకు హానిచేసే పదార్థాలను తన దేహంలో దాచుకుంటుంది. మినుము, కంది పూతపై వాలే మైలాబ్రిస్ పెంకుపురుగులలో కాంథారిడిన్ అనే బొబ్బలెక్కించే విషం ఉంది. అమెరికాలో ఫోటినస్ జాతి మిణుగురు పురుగును తిని పెంపుడు తొండలు చనిపోయిన సంఘటనలు 1999లో శాస్త్రీయంగా నమోదయ్యాయి. ముదురు ఎరుపు, పసుపు, నలుపు చారలతో నిర్భయంగా తిరిగే కీటకాన్ని అనుమానించడం మంచి నియమం. ఇళ్ళ మురుగుకాల్వల బొద్దింకలు సాల్మొనెల్లా క్రిములకు, పురుగుమందులకు నిలయాలు కనుక వాటిని పూర్తిగా వదిలివేయాలి.

8. తెలుగునేలపై కీటక పోషణ సంప్రదాయం:

ఆహార కీటకాల పెంపకం కొత్తగా తోచవచ్చు గాని, కీటకాలను క్రమశిక్షణతో పెంచే విద్య తెలుగువారికి కొత్త కాదు. హిందూపురం, మదనపల్లె ప్రాంతాలలో పట్టుపురుగుల పెంపకం తరాలుగా జీవనోపాధి. చాకీ దశలో లేత ఆకు, ముదురు దశలో ముదురు ఆకు, జ్వరం దశలో మేత ఆపడం, పడకలు మార్చడం, గదిని క్రిమిరహితం చేయడం వంటి పనులలో అక్కడి రైతుకున్న నేర్పు ఏ కీటకానికైనా వర్తిస్తుంది. 1865 నుండి ఫ్రాన్స్‌లో పెబ్రిన్ వ్యాధిపై లూయీ పాశ్చర్ చేసిన పరిశోధనల సారం ఒక్కటే: గుడ్లు పెట్టిన తల్లిచిలుకను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, రోగం ఉంటే ఆ గుడ్లను నాశనం చేయాలి. వ్యాధిని నయం చేయడం కంటే వ్యాధిలేని విత్తనాన్ని ఎంచుకోవడం మేలన్న సూత్రం ఇది.

ఇలకోళ్ళ విషయంలో ఈ సూత్రాన్ని విస్మరించిన ఫలితం ప్రపంచం చూసింది. అకేటా డొమెస్టికస్‌కు సోకే డెన్సోవైరస్ 1977లో గుర్తించబడింది. ఆ తరువాత ఐరోపాలో, 2009–10 ప్రాంతంలో ఉత్తర అమెరికాలో పెద్ద పెంపకశాలలను తుడిచిపెట్టింది. దీనికి మందు లేదు. మన దేశపు గ్రిల్లస్ బైమాక్యులేటస్‌ను ప్రత్యామ్నాయంగా పరిశీలించడానికి ఇదొక కారణం. అది మన వాతావరణానికి అలవాటుపడినది, తప్పించుకున్నా పరాయి జాతి కాదు. అయితే అది ఎక్కువ దూకుడుగలది. ప్రోటీను, నీరు, దాగే చోటు తగ్గితే ఒకదానినొకటి తింటుంది.

రెండవ సంప్రదాయం మిత్రకీటకాల ఉత్పత్తి. అనకాపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం చెరకు కోసం, కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం కొబ్బరి కోసం పరాన్నజీవి కీటకాలను ఉత్పత్తి చేసిన చరిత్ర కలవి. వీటికి ఆతిథ్యమిచ్చే బియ్యపు చిలుక కోర్సైరాను పగలగొట్టిన జొన్న లేదా సజ్జ గింజలపై పెంచుతారు. గింజను ముందుగా వేడితో శుద్ధిచేస్తారు. కొద్దిగా వేరుశనగపప్పు, ఈస్టు చేర్చుతారు. నల్లుల నివారణకు గంధకం కలుపుతారు. ఈ ప్రయోగశాలలలో ఒక విచిత్రం ఉంది. కొబ్బరితోటలో రైతుకు మిత్రుడైన బ్రాకాన్ కందిరీగ, కోర్సైరా గదిలోకి చొరబడితే మందనంతటినీ నాశనం చేసే శత్రువు. అందుకే మేత కీటకాల గదిని, పరాన్నజీవుల గదిని దూరంగా కడతారు. కొత్తగా కొన్న ఇలకోళ్ళను కనీసం రెండువారాలు పాతమందకు దూరంగా ఉంచాలన్న నియమం వెనుక ఉన్న తర్కం కూడా ఇదే.

9. ఆచరణ క్రమం:

పై చర్చనుండి తేలే ఆచరణను సంక్షిప్తంగా ఇలా చెప్పవచ్చు.

అ) కీటకాలను మూడు గూళ్ళుగా విభజించాలి: సంతతికి ఒకటి, ఎదుగుదలకు ఒకటి, తినిపించే ముందు మేపడానికి ఒకటి.

ఆ) మొదటి రెండు గూళ్ళలో వేయించిన తవుడు, పప్పుల పిండి, అవిసె లేదా మునగ ఆకు ఇవ్వాలి.

ఇ) మూడవ గూటిలో ఐదోవంతు కాల్షియం కార్బొనేట్ కలిపిన మెత్తని పొడిమేతను, నీటికోసం వేరుగా కూరముక్కను 24 నుండి 48 గంటలు ఉంచి, వెంటనే తినిపించాలి.

ఈ) కీటకం పొడవు బల్లి రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకుండా చూడాలి. తినకుండా మిగిలిన ఇలకోళ్ళను బోనులో వదలరాదు. రాత్రివేళ అవే నిద్రించే బల్లి చర్మాన్ని కొరుకుతాయి.

ఉ) చనిపోయినవాటిని రోజూ ఏరివేయాలి. మరణాల సంఖ్యను, గది వేడిని ఒక పుస్తకంలో రాసుకోవాలి. మరణాలు ఒక్కసారిగా పెరిగితే మొదట నీటిని, తరువాత వేడిని, ఆపై మందు సోకిందేమోనని, చివరగా రోగాన్ని అనుమానించాలి.

ఊ) గూళ్ళు శుభ్రపరచేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. కీటకాల పొలుసుల ధూళి కొందరిలో ఉబ్బసాన్ని కలిగిస్తుంది. సరీసృపాన్ని తాకిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

10. ఉపసంహారం:

ఆహార కీటకం సంచి వంటిది. అందులో ఏది నింపితే అదే సరీసృపానికి చేరుతుంది. ఖాళీ సంచి కాల్షియం లేమిని, పురుగుమందు తగిలిన ఆకు విషాన్ని, బూజుపట్టిన చెక్క కాలేయవ్యాధిని మోసుకువెళ్తాయి. కృష్ణా డెల్టా ఈ పెంపకానికి వెచ్చదనాన్ని, కాల్షియం సమృద్ధిగా ఉన్న ఆకులను ఉచితంగా ఇస్తోంది. తవుడులోని భాస్వరం, వేసవి తీవ్రత, వానాకాలపు తేమ, పొలాల్లోని మందులు దానికి ఎదురునిలిచే అంశాలు. ఈ రెండింటి తూకం తెలిసినప్పుడే పరదేశపు పద్ధతులను అనుకరించకుండా స్థానికమైన విధానం రూపొందుతుంది.

ఈ దిశలో చేయవలసిన పరిశోధన స్పష్టంగానే ఉంది. అవిసె, మునగ ఆకుల మేతపై గ్రిల్లస్ బైమాక్యులేటస్ దేహంలోను, పేగులోను చేరే కాల్షియం ఎంతో కొలిచే ప్రయోగం ఒక జంతుశాస్త్ర విభాగంలో, తక్కువ ఖర్చుతో, ఒక విద్యాసంవత్సరంలో పూర్తిచేయదగినది. గన్నవరం పశువైద్య కళాశాల వంటి సంస్థలు, జిల్లాలోని కళాశాలల జంతుశాస్త్ర విభాగాలు కలిసి పనిచేస్తే, దాని ఫలితం పెంపుడు బల్లులకే కాక, రక్షించి తెచ్చిన ఊసరవెల్లులు, ఉడుముల చికిత్సకు, కీటకాలను మేతగా వాడే కోళ్ళ, చేపల పరిశ్రమకు కూడా ఉపయోగపడుతుంది.